నెలలు నిండని శిశువు ఊపిరి: డాక్టర్ మేరీ ఎలెన్ ఏవరీ పరిశోధనా జీవితం

మన సంఘాల పాత భూస్థాపన రిజిస్టర్లు తిరగవేసిన వారికి ఒక సంగతి కనబడక మానదు. పెద్దల పేర్ల నడుమ అక్కడక్కడ పేరు లేని వరుసలుంటాయి. ‘ఫలానివారి మగ శిశువు, వయస్సు 2 దినములు’ అనియో, ‘ఆడ శిశువు, వయస్సు 1 దినము’ అనియో మాత్రమే వ్రాసి ఉంటుంది. మరణ కారణం దగ్గర ఏమీ ఉండదు, లేదా ‘నెలలు నిండలేదు’ అని ఉంటుంది.

నేను సేవలో ప్రవేశించిన తొలి సంవత్సరాలలో ఒక పల్లెలో అట్టి భూస్థాపన జరిపించాను. తండ్రి చిన్నవాడు, ఇరవై రెండేండ్లకు మించవు. అంతా అయిన తరువాత నాతో కూడ దారి వెంట నడుస్తూ, “ఎనిమిదో నెల బిడ్డండీ అయ్యగారూ. ఏడో నెలలో పుడితే బతుకుద్ది గానీ, ఎనిమిదో నెలలో పుడితే బతకదంట గదండీ” అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పటానికి నాకేమీ తెలియదు.

ఈ మాట మన పల్లెలకు మాత్రమే చెందినది కాదు. హిపోక్రటీసు పేరుమీద వచ్చిన ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథాలలో ఎనిమిదో నెల శిశువును గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమే ఉన్నది. రెండువేల యేండ్లకు పైగా లోకం నమ్మిన ఈ లెక్క తప్పు. గర్భంలో గడచిన ప్రతి వారమూ శిశువుకు లాభమే. ఏడో నెల బిడ్డకంటె ఎనిమిదో నెల బిడ్డకే బ్రతికే అవకాశం ఎక్కువ. అయితే నెలలు తక్కువైన శిశువు పుట్టి, ఏడ్చి, కొద్దిసేపు బాగానే ఉన్నట్లు కనబడి, పిమ్మట మూలుగుతూ, డొక్కలెగరవేస్తూ, నీలివర్ణమునకు తిరిగి, రెండు మూడు దినములలో ఎందుకు చనిపోతున్నది? ఈ ప్రశ్నకు సరియైన జవాబు 1959లో లభించింది. ఆ జవాబు చెప్పినవారిలో ముఖ్యురాలు అమెరికా దేశపు వైద్యురాలు డాక్టర్ మేరీ ఎలెన్ ఏవరీ. ఆనాడు నేను ఆ తండ్రికి చెప్పలేకపోయిన మాటను ఆమె జీవిత చరిత్ర ద్వారా ఇక్కడ చెప్పుటకు ప్రయత్నిస్తాను.

బాల్యము, విద్య

మేరీ ఎలెన్ ఏవరీ 1927 మే 6వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రములోని కామ్డెన్ పట్టణంలో జన్మించారు. వారి పొరుగింట ఎమిలీ బేకన్ అనే పిల్లల వైద్యురాలు ఉండేవారు. స్త్రీలు వైద్యులు కావటమే అరుదైన ఆ రోజులలో ఈ పొరుగింటి డాక్టరమ్మ చిన్న మేరీకి ఆదర్శమయ్యారు. నెలలు నిండకుండా పుట్టిన శిశువును ఆ బాలికకు మొదటిసారి చూపించినది కూడ ఆమెయే. ఆ చూపు వృథా కాలేదు.

1948లో మాసచూసెట్స్‌లోని వీటన్ కళాశాలలో రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకుని, మేరీ బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో చేరారు. ఆ కళాశాలకు ఒక చరిత్ర ఉన్నది. 1893లో దానిని తెరచుటకు కావలసిన ధనంలో పెద్ద భాగం కొందరు స్త్రీలు పోగుచేసి ఇచ్చారు. పురుషులతో సమానంగా స్త్రీలను కూడ చేర్చుకోవాలి అనేదే వారు పెట్టిన షరతు. హార్వర్డ్ వైద్య కళాశాల స్త్రీలకు తలుపు తీసినది 1945లో మాత్రమే. అయినను హాప్కిన్స్‌లో సైతం మేరీ తరగతిలోని 90 మంది విద్యార్థులలో స్త్రీలు నలుగురే. 1952లో ఆమె డాక్టరు పట్టా పొందారు.

రోగిగా నేర్చిన పాఠము

పట్టా చేతికి వచ్చిన కొద్దికాలానికే ఆమెకు క్షయ వ్యాధి ఉన్నదని తేలింది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం చికిత్సాలయం సంగతి ఎరిగిన మన పాత తరమువారికి ఆ మాట ఎంతటి పిడుగో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రోజులలో క్షయ రోగికి మొదటి మందు మంచమే. నెలల తరబడి పడుకొని ఉండవలసినదే. అదృష్టవశాత్తు ఐసోనియాజిడ్ అను కొత్త మందు సరిగా 1952లోనే వాడుకలోనికి వచ్చింది. ఆమె కోలుకొని, హాప్కిన్స్‌కు తిరిగి వచ్చి, పిల్లల వైద్యంలో శిక్షణ పూర్తిచేశారు.

ఊపిరితిత్తి ఏ విధముగా పనిచేస్తుంది, గాలి లోనికి ఎట్లు పోతుంది, ఎట్లు నిలుస్తుంది అన్న ఆసక్తి తనకు ఈ జబ్బుతో బలపడినదని ఆమె తరువాత చెప్పుకున్నారు.

ఆనాటి పరిస్థితి

ఇప్పుడు ఆ జబ్బు సంగతి చూద్దాము. నెలలు నిండక ఊపిరాడక చనిపోయిన శిశువుల ఊపిరితిత్తులను శవపరీక్షలో కోసి మైక్రోస్కోపు క్రింద పెడితే, వాయుకోశాల గోడలకు గాజువలె మెరిసే ఒక పొర అంటుకుని కనబడేది. 1903లోనే జర్మనీలో హాక్‌హైమ్ అను వైద్యుడు దీనిని వర్ణించాడు. అందుచేత ఈ జబ్బుకు ‘హయలిన్ మెంబ్రేన్ వ్యాధి’ అని పేరు వచ్చింది. హయలిన్ అనగా గాజువంటిది. తెలుగులో చెప్పాలంటే గాజుపొర జబ్బు.

పేరు పెట్టడంతోనే చిక్కు వచ్చింది. పొర కనబడుతున్నది గనుక పొరయే శత్రువని అందరూ అనుకున్నారు. పొర ఎక్కడినుండి వచ్చింది? ఉమ్మనీరు మింగినందువలననా? పాలు ఊపిరితిత్తిలోనికి పోయినందువలననా? గుండె బలహీనతవలననా? ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్పారు. ఏ కారణం ప్రకారం వైద్యం చేసినా శిశువులు చనిపోతూనే ఉన్నారు.

మంచి ఉద్దేశంతో చేసిన చికిత్స కీడు చేసిన సందర్భం కూడ ఆ కాలంలోనే జరిగింది. 1940 ప్రాంతాలనుండి నెలలు నిండని శిశువులను ఇంక్యుబేటర్లలో ఉంచి ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చేవారు. వారిలో వేలకొలది పిల్లలు గ్రుడ్డివారయ్యారు. అధికమైన ఆక్సిజనే అందుకు కారణమని 1954 నాటికి ఋజువైంది. వెంటనే ఆక్సిజన్ బాగా తగ్గించారు. అప్పుడు ఊపిరాడక చనిపోయే శిశువుల సంఖ్య పెరిగింది. ఎక్కువ ఇస్తే కళ్లు పోతున్నవి, తక్కువ ఇస్తే ప్రాణం పోతున్నది. అసలు జబ్బు ఏమిటో తెలియనంతవరకు వైద్యుని చేయి ఏ వైపుకు పోయినా తప్పే అవుతుందనుటకు ఇదొక దృష్టాంతము.

నురుగులోని రహస్యము

ఈ సమయంలో వేరే చోట్ల, వేరే పనులమీద ఉన్న కొందరు శాస్త్రజ్ఞులు తమకు తెలియకుండానే జవాబు దగ్గరకు వస్తున్నారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి వివరించాలి. ఊపిరితిత్తి అంటే కోట్లకొలది అతి చిన్న గాలి సంచుల కూడిక. ఆ సంచుల లోపలి గోడ తడిగా ఉంటుంది. తడి ఉన్నచోట తలతన్యత అనే శక్తి ఉంటుంది. నీటి బొట్టును గుండ్రంగా లాగి పట్టి ఉంచేది ఇదే. గాలి బుడగను ఈ శక్తి ఎప్పుడూ ముడుచుకొమ్మని లాగుతుంది. బుడగ ఎంత చిన్నదైతే దానిని తెరచి ఉంచుటకు అంత ఎక్కువ ఒత్తిడి కావాలి. రబ్బరు బుడగ ఊదేటప్పుడు మొదటి ఊపుకే దవడలు నొప్పి పెడతాయి, ఆ తరువాత సులువు. అది పిల్లలందరూ ఎరిగినదే. మన గాలి సంచుల గోడలమీద వట్టి నీరే ఉన్నట్లయితే, ప్రతి ఊపిరి విడిచినప్పుడూ అవి మూసుకుపోతాయి. మరల తెరచుటకు ప్రతిసారీ మొదటి ఊపిరికి పడినంత కష్టం పడాలి. అట్లు జరగకుండా ఏదో అడ్డుపడుతున్నది.

1929లో స్విట్జర్లాండులో కర్ట్ వాన్ నీర్‌గార్డ్ అనే ఆయన ఊపిరితిత్తిని గాలితో నింపుటకు పట్టే ఒత్తిడి ద్రవంతో నింపుటకు పట్టేదానికంటె ఎంతో ఎక్కువని చూపించాడు. దానిలోని కష్టమంతా తలతన్యతదే అని గ్రహించాడు. ఆ వ్యాసాన్ని పాతికేళ్లపాటు ఎవరూ పట్టించుకొనలేదు. 1955లో ఇంగ్లండులో రిచర్డ్ ప్యాటిల్ విషవాయువులను గూర్చి పరిశోధిస్తూ ఒక వింత గమనించాడు. ఊపిరితిత్తినుండి వచ్చే నురుగులోని బుడగలు సబ్బు బుడగలవలె పగిలిపోక చాలాసేపు నిలుస్తున్నవి. వాటి గోడలలో తలతన్యతను దాదాపు లేకుండా చేసే పదార్థం ఏదో ఉన్నది. అమెరికాలో మేరీలాండ్‌లోని సైనిక రసాయన కేంద్రంలో పనిచేస్తున్న జాన్ క్లెమెంట్స్ 1957లో ఈ శక్తిని ఒక తక్కెడమీద కొలిచి చూపించాడు. ఊపిరితిత్తినుండి తీసిన పదార్థపు పొరను సాగదీస్తే తలతన్యత పెరుగుతున్నది. కుదిస్తే బాగా తగ్గిపోతున్నది. అనగా సంచి చిన్నదైనప్పుడు ముడుచుకొనకుండా కాపాడే పదార్థము దేహంలోనే ఉన్నది. దీనికే తరువాత సర్ఫాక్టెంట్ అని పేరు వచ్చింది. యుద్ధపు విషవాయువుల నిమిత్తం మొదలైన పరిశోధన పసిబిడ్డల ప్రాణాలకు దారి చూపించటం చరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

లేనిదానిని చూచిన కన్ను

1957లో డాక్టర్ ఏవరీ బోస్టన్‌కు వచ్చారు. హార్వర్డ్ ప్రజారోగ్య కళాశాలలో జెరీ మీడ్ అను ఆచార్యుని వద్ద ఊపిరితిత్తుల పనితీరును నేర్చుకొనుట ఒక పని. బోస్టన్ ప్రసూతి ఆసుపత్రిలో క్లెమెంట్ స్మిత్ వద్ద నవజాత శిశువులను చూచుట మరొక పని. ఒక చోట భౌతిక శాస్త్రము, మరొక చోట చనిపోతున్న శిశువులు. ఈ రెండు చోట్లకూ తిరిగే మనిషి గనుక ఆమెకు ఒక సంగతి తట్టింది.

ఇతర కారణాలచేత చనిపోయినవారి ఊపిరితిత్తులలో నురుగు కనబడుతుంది. గాజుపొర జబ్బుతో చనిపోయిన శిశువుల ఊపిరితిత్తులలో నురుగు లేదు. అవి గాలి లేక, కాలేయంవలె గట్టిగా ఎర్రగా ఉన్నాయి. పొరను చూచినవారు ఎందరో ఉన్నారు. నురుగు లేకపోవుటను చూచి, ఎందుకు లేదని అడిగినది ఈమె. శిశువు ఊపిరితిత్తిలో ఏమి చేరిందని అందరూ వెదకుతూ ఉండగా, ఏమి కొరవడిందని ఈమె వెదికారు.

1957 క్రిస్మస్ సెలవులలో ఆమె క్లెమెంట్స్ ప్రయోగశాలకు వెళ్లి ఆ తక్కెడను కళ్లారా చూచారు. దానిలో దాచుకొనవలసిన రహస్యమేమీ లేదన్నట్లు ఆయన పని అంతా చూపించాడు. బోస్టన్‌కు తిరిగి వచ్చి ఆమె అట్టి తక్కెడను తానే అమర్చుకున్నారు. శవపరీక్ష జరిగిన శిశువుల, పెద్దవారి ఊపిరితిత్తుల ముక్కలనుండి పదార్థాన్ని తీసి ఒక్కొక్కటే కొలిచారు. నెలలు నిండిన శిశువులలో, పెద్దవారిలో పొరను కుదించినప్పుడు తలతన్యత బాగా తగ్గింది. బొత్తిగా చిన్న శిశువులలోను, గాజుపొర జబ్బుతో చనిపోయినవారిలోను అది తగ్గలేదు.

1959లో ఏవరీ, మీడ్ ఇద్దరూ కలిసి పిల్లల వ్యాధుల అమెరికన్ పత్రికలో తమ వ్యాసాన్ని ప్రకటించారు. చెప్పిన మాట సులభమైనది. ఈ శిశువులకు సర్ఫాక్టెంట్ కొరవ. అది గర్భంలో చివరి వారాలలోగాని తగినంతగా తయారుకాదు. అది తయారు కాకముందే పుట్టిన శిశువు ప్రతి ఊపిరికీ మూసుకుపోయిన సంచులను మళ్లీ తెరవవలసి వస్తుంది. అట్లు తెరచి తెరచి అలసిపోయి చనిపోతుంది. గాజుపొర అనేది ఆ పెనుగులాటలో దెబ్బతిన్న గోడలనుండి కారి గడ్డకట్టిన రక్తపు ద్రవమే. అది జబ్బుకు ఫలితమే గాని జబ్బుకు కారణం కాదు.

ఆ వ్యాసం వెలువడేనాటికి ఆమె వయస్సు 32 సంవత్సరాలు.

ఆలస్యమైన ఫలితము

కారణం తెలిసిన వెంటనే మందు వచ్చిందని చదువరులు అనుకొనవచ్చు. అట్లు జరగలేదు. ముప్పై యేండ్లు పట్టింది.

1960 ప్రాంతాలలో కొందరు సర్ఫాక్టెంటులోని ముఖ్యమైన కొవ్వు పదార్థాన్ని తుంపరగా చేసి శిశువులకు పీల్పించారు. ఫలితం రాలేదు. సింగపూరులో పనిచేసిన ఒక బృందం, వారిలో క్లెమెంట్స్ కూడ ఉన్నాడు, ఊపిరితిత్తికి రక్తప్రసారం తగ్గటమే అసలు కారణమేమో అని 1967లో వ్రాసింది. ఏవరీ సిద్ధాంతాన్ని శంకించినవారు ఎందరో ఉన్నారు. తుంపర శిశువు ఊపిరితిత్తి లోతులకు చాలినంత చేరకపోవుట, ఆ కొవ్వుతో కూడ ఉండవలసిన మాంసకృత్తులు లేకపోవుట వంటి సంగతులు తరువాత గాని తేలలేదు.

ఈ నడుమ 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీ దంపతులకు అయిదున్నర వారాల ముందుగా ఒక కుమారుడు పుట్టాడు. ప్యాట్రిక్ అని పేరు పెట్టారు. బరువు సుమారు 2 కిలోల 100 గ్రాములు. ఇదే జబ్బు. బోస్టన్ పిల్లల ఆసుపత్రికి తీసికొనిపోయి, అధిక పీడనముగల ఆక్సిజన్ గదిలో ఉంచి, ఆనాడు లోకంలో ఉన్న వైద్యమంతా చేశారు. 39 గంటలు బ్రతికి ఆగస్టు 9న చనిపోయాడు. లోకమంతటిలో బలవంతుడైన పాలకుని బిడ్డకు దొరకని మందు ఆనాడు ఎవరికీ లేదు. మన రిజిస్టర్లలోని పేరులేని శిశువుకును ఆ బిడ్డకును విషయంలో తేడా ఏమీ లేదు. ఆ మరణం తరువాత ఈ జబ్బుమీద పరిశోధనకు ప్రజల దృష్టి, ప్రభుత్వ ధనసహాయం బాగా పెరిగాయి. ఆ దశకంలో ఒక్క అమెరికాలోనే ఈ జబ్బుచేత ఏటా పదివేలకు మించి శిశువులు చనిపోయేవారు.

ఏవరీ మాత్రం తన పని మానలేదు. 1960లో హాప్కిన్స్‌కు ఆచార్యురాలిగా తిరిగి వచ్చి, 1964లో నవజాత శిశువుల ఊపిరితిత్తుల వ్యాధులపై గ్రంథం వ్రాశారు. ఆ అంశంపై వైద్యులు చేతబట్టి చదువుకొనుటకు అది ఆధారమైంది. 1966లో తన సహచరులతో కలిసి మరొక జబ్బును వేరు చేసి చూపించారు. కొందరు శిశువులు పుట్టగానే వేగంగా ఊపిరి పీలుస్తారు. చూచుటకు భయం కలిగించినా రెండు మూడు దినాలలో దానంతట అదే తగ్గిపోతుంది. ఊపిరితిత్తులలోని నీరు ఆలస్యంగా ఇంకుటయే దానికి కారణము. ఏది ప్రాణాంతకమో ఏది కాదో విడదీసి చెప్పుట కూడ వైద్యంలో గొప్ప మేలే. అక్కరలేని చికిత్స ఎందరు శిశువులకో తప్పింది.

1971లో శాన్ ఫ్రాన్సిస్కోలో జార్జి గ్రెగరీ ఒక తేలిక పద్ధతి చూపించాడు. ఈ శిశువులు మూలుగుతారని ముందే చెప్పాను. ఆ మూలుగు వట్టి బాధ కాదు. గొంతు కొంచెం మూసి, గాలి అంతా బయటకు పోకుండా, సంచులు ముడుచుకొనకుండా శిశువు తనంతట తాను చేసుకునే ప్రయత్నమది. గ్రెగరీ కొద్దిపాటి ఒత్తిడితో గాలిని ఎడతెగక పంపి ఆ పనిలో శిశువుకు సహాయం చేశాడు. మొదటి 20 మంది శిశువులలో 16 మంది బ్రతికారు. ఏవరీ చెప్పిన కారణం సరియైనదే అనుటకు ఇది బలమైన సాక్ష్యము.

గొర్రెపిల్లనుండి తల్లికి ఇచ్చే సూది వరకు

ఈ చరిత్రలో మనకు అన్నిటికంటె ఉపయోగమైన భాగము న్యూజీలాండు దేశమునుండి వచ్చింది. ఆక్లండ్ నగరంలో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు పురిటినొప్పులు ఎట్లు మొదలగునో తెలిసికొనుటకు గొర్రెలమీద పరిశోధిస్తున్నాడు. గర్భంలోని గొర్రెపిల్లలకు స్టీరాయిడ్ మందు ఇచ్చినప్పుడు అవి చాలా ముందుగా పుట్టాయి. పుట్టగానే చనిపోవలసిన ఒక పిల్ల చనిపోక ఊపిరి పీలుస్తున్నది. పరీక్షించి చూడగా దాని ఊపిరితిత్తులు కొంత గాలితో నిండి ఉన్నాయి. ఆ వయస్సులో అది జరగరాదు. మందు ఊపిరితిత్తిని ముందుగానే పక్వం చేసినదేమో అని 1969లో ఆయన వ్రాశాడు.

దాని విలువను వెంటనే గుర్తించినవారిలో ఏవరీ ఒకరు. ఆమె, ఆమె సహచరులు గొర్రెపిల్లలమీదను, పిమ్మట కుందేళ్లమీదను ప్రయోగాలు చేసి, 1970, 1971 సంవత్సరాలలో ఆ మాట నిజమేనని, స్టీరాయిడ్ వలన సర్ఫాక్టెంట్ త్వరగా కనబడుతున్నదని చూపించారు. 1972లో లిగ్గిన్స్, రాస్ హౌవీ అను శిశు వైద్యునితో కలిసి, నెలలు నిండక ప్రసవించే ప్రమాదంలో ఉన్న 282 మంది తల్లులపై జరిపిన పరీక్ష ఫలితాలు ప్రకటించాడు. సూది తీసికొనని తల్లుల శిశువులలో నూటికి దాదాపు 26 మందికి ఊపిరి జబ్బు వచ్చింది. తీసికొన్నవారి శిశువులలో నూటికి 9 మందికే వచ్చింది. మొదటి వారంలో మరణాలు నూటికి 15 నుండి సుమారు 3కు తగ్గాయి.

ఇంత స్పష్టమైన ఫలితం ఉన్నను లోకం వెంటనే నమ్మలేదు. అమెరికాలో జాతీయ స్థాయి వైద్య సమావేశం ఈ సూదిని గట్టిగా సిఫారసు చేసినది 1994లో. అనగా 22 సంవత్సరాల తరువాత. చవుకైన మందు, ఏ పెద్ద యంత్రమూ అక్కరలేని మందు, అన్నాళ్లు అలమారలోనే ఉండిపోయింది. ఆ 22 సంవత్సరాలలో పోయిన శిశువుల లెక్క ఎవరు కట్టగలరు?

పదవులు, బాధ్యతలు

1969లో ఏవరీ కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పిల్లల వైద్య విభాగానికి అధిపతిగా, మాంట్రియల్ పిల్లల ఆసుపత్రికి ప్రధాన వైద్యురాలిగా వెళ్లారు. 1974లో హార్వర్డ్ ఆమెను ఆచార్య పదవికి పిలిచి, బోస్టన్ పిల్లల ఆసుపత్రికి ప్రధాన వైద్యురాలిగా నియమించింది. కెన్నెడీ బిడ్డ కన్నుమూసిన ఆసుపత్రి అదే. హార్వర్డ్ వైద్య కళాశాలలో రోగుల చికిత్సకు సంబంధించిన ఒక విభాగానికి స్త్రీ అధిపతి కావటం అదే మొదటిసారి. స్త్రీలను చేర్చుకోవటం మొదలుపెట్టి అప్పటికి 29 సంవత్సరాలే అయింది. 1985 వరకు ఆమె ఆ ఆసుపత్రి బాధ్యత వహించారు. స్నేహితులు, శిష్యులు ఆమెను ‘మెల్’ అని పిలిచేవారు. ఆమె చేతిక్రింద నేర్చుకున్నవారు అనేక దేశాలలో శిశు వైద్య విభాగాలకు పెద్దలయ్యారు.

ఇక మందు సంగతి. 1980లో జపాన్ దేశంలో టెట్సురో ఫుజివారా ఆవు ఊపిరితిత్తులనుండి తీసి శుద్ధిచేసిన సర్ఫాక్టెంటును ఒక గొట్టం ద్వారా 10 మంది శిశువుల ఊపిరితిత్తులలోనికి నేరుగా పోశాడు. గంటలలోనే వారి స్థితి మెరుగైంది. అనేక దేశాలలో పరీక్షలు జరిగిన పిమ్మట 1990లో అమెరికా ప్రభుత్వం మొదటి సర్ఫాక్టెంట్ మందుకు అనుమతి ఇచ్చింది. 1959 నుండి 1990 వరకు, 31 సంవత్సరాలు. తాను యౌవనంలో చెప్పిన మాట మందుసీసాగా మారుటను ఏవరీ తన 63వ యేట చూడగలిగారు. అమెరికాలో ఏటా పదివేలకు మించిన ఆ మరణాలు 2000 తరువాత వెయ్యికి లోబడి దిగిపోయాయి.

1991లో ఆమెకు అమెరికా జాతీయ విజ్ఞాన పతకం లభించింది. 1994లో జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యురాలయ్యారు. 2003లో అమెరికా విజ్ఞానాభివృద్ధి సంఘమునకు అధ్యక్షులయ్యారు.

గౌరవాలకంటె చెప్పుకొనవలసినవి మరి రెండు ఉన్నాయి. 1987లో ఆమె, సహచరులు ఎనిమిది పెద్ద ఆసుపత్రుల లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి, బ్రతికిన శిశువులలో ఎందరికి దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు మిగులుతున్నదో పోల్చి చూపించారు. ఎనిమిదింటిలో న్యూయార్క్‌లోని కొలంబియా ఆసుపత్రిలో అది బహు తక్కువ. అక్కడ యంత్రంతో ఊపిరి ఊదించుటకు తొందరపడక, ముక్కుద్వారా మెల్లని ఒత్తిడితో గాలి పంపే పద్ధతిని మొదటినుండి వాడుతున్నారు. తాను జీవితమంతా పనిచేసిన రంగంలోనే, మన చికిత్స మన శిశువులకు హాని చేస్తున్నదేమో అని లెక్క తీసి అడుగుటకు ధైర్యం కావాలి. 1990లో, అనగా తన పరిశోధన ఫలమైన ఖరీదైన మందు బజారుకు వచ్చిన సంవత్సరమే, ఆమె మరొక వైద్యునితో కలిసి పేద దేశాల పిల్లలను విరేచనాలనుండి కాపాడే ఉప్పు చక్కెర ద్రావణాన్ని గూర్చి వ్రాశారు. ఇంత చవుకైన పరిష్కారాన్ని ధనిక దేశాల వైద్యులు తగినంతగా వాడుటలేదనే ఆమె ఫిర్యాదు.

2011 డిసెంబరు 4న, 84వ యేట, న్యూజెర్సీలో ఆమె మరణించారు.

మన మాట

2010 సంవత్సరపు అంచనా ప్రకారం మన దేశంలో ఏటా 35 లక్షల మంది శిశువులు నెలలు నిండక పుట్టారు. ప్రపంచంలో ఏ దేశంలోను అంతమంది పుట్టలేదు. సర్ఫాక్టెంట్ నేటికీ ఖరీదైన మందే. దానిని ఇచ్చుటకు నేర్పుగల వైద్యులు, సాధనాలు కావాలి. తల్లికి ఇచ్చే సూది మాత్రం చవుక. 2014లో భారత ప్రభుత్వము ఒక నియమావళి వెలువరించి, 24 నుండి 34 వారాల మధ్య నొప్పులు వచ్చిన తల్లిని పెద్ద ఆసుపత్రికి పంపేముందు, డెక్సామెథసోన్ మొదటి మోతాదును ఏ.ఎన్.ఎం. నర్సమ్మ కూడ ఇవ్వవచ్చునని తెలియజేసింది. 2020లో ప్రకటింపబడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్ష మన దేశంతోపాటు బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియా ఆసుపత్రులలో జరిగింది. అందులో 2,852 మంది తల్లులు పాల్గొన్నారు. సూది తీసికొన్న తల్లుల శిశువులలో నెలలోపు మరణాలు నూటికి 23.5 నుండి 19.6కు తగ్గాయి. అయితే ప్రసవము, శిశు సంరక్షణ సరిగా జరిగే ఆసుపత్రిలోనే ఈ మేలు కలుగుతుంది. వారాల లెక్క తెలియక, ఎక్కడబడితే అక్కడ ఇచ్చినచోట కీడు కలిగినట్లు 2015లో వెలువడిన మరొక పరీక్ష చూపించింది. కాబట్టి వారాల లెక్క సరిగా వ్రాయించుకొనుట, నొప్పులు ముందుగా వచ్చిన గంటలోనే ఆసుపత్రికి బయలుదేరుట, ఇవే ముఖ్యము.

ఇక్కడే ఆ పాత మాట అడ్డు తగులుతున్నది. ‘ఎనిమిదో నెల బిడ్డ, బ్రతకదు’ అని ఇంటిలోని పెద్దవారు అన్నప్పుడు బండి కట్టటం ఆలస్యమవుతుంది. బ్రతకని బిడ్డకు ఖర్చెందుకు అనే ఆలోచన వస్తుంది. ఆ ఆలోచనలో గడచిన గంటలే ఆ సూది పనిచేయవలసిన గంటలు. శిశువు చనిపోయిన తరువాత, ‘మేము ముందే అన్నాము గదా’ అనే మాట నిలుస్తుంది, ఇంకొక ఇంటికి పోతుంది.

ఆ తండ్రి నన్ను నేడు అడిగినట్లయితే చెప్పగలను. నీ బిడ్డ నెల చెడ్డది కాదు నాయనా. ఆ ఊపిరితిత్తులలో ఉండవలసిన ఒక పదార్థము ఇంకా తయారుకాలేదు, అంతే. అది తయారయ్యేదాకా బిడ్డను నిలబెట్టే మార్గాలు ఉన్నాయి, ఈసారి ముందుగా వెళ్లండి అని చెబుతాను. మన సంఘాలలోని తల్లులకు, అత్తలకు, అమ్మమ్మలకు ఈ సంగతి స్త్రీల కూడికలలోనైనా చెప్పవలసినదిగా ఈ సంచిక చదివే ప్రతివారిని కోరుచున్నాను.